రూల్ అడగకండి, జతగా నేర్పండి



పుస్తకాన్ని స్వీడిష్‌లో 'బూక్' అంటారు. ఇంటిని 'హ్యూస్' అంటారు. ఈ రెండు మాటలూ బట్టీ పట్టిన పిల్లాడికి స్వీడిష్‌లో పుస్తకం, ఇల్లు వచ్చేసినట్టేనా? సగమే వచ్చినట్టు. ఎందుకంటే 'ఒక పుస్తకం' అనాలంటే అక్కడ 'ఎన్ బూక్' అనాలి. 'ఒక ఇల్లు' అనాలంటే 'ఎట్ హ్యూస్' అనాలి. పుస్తకానికి 'ఎన్' ఎందుకొచ్చింది, ఇంటికి 'ఎట్' ఎందుకొచ్చింది అని అడిగితే స్వీడన్‌లో పుట్టి పెరిగినవాళ్ళు కూడా కాసేపు ఆలోచించి, 'అది అంతే' అనే అంటారు.

మన పేరెంట్స్ పత్రికలో స్వీడిష్ సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. రెండు కారణాలున్నాయి. మొదటిది, ఉద్యోగరీత్యా స్టాక్‌హోమ్‌కో గోథెన్‌బర్గ్‌కో మారుతున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు కొత్త కాదు. వెళ్ళేముందు తల్లిదండ్రులు వీసా, ఇల్లు, చలికోట్లు అన్నీ చూసుకుంటారు. పిల్లల భాష సంగతి మాత్రం 'అక్కడికెళ్ళాక వచ్చేస్తుందిలే' అని వదిలేస్తారు, లేదంటే వెళ్ళకముందే ఒక గ్రామర్ పుస్తకం కొని పిల్లల ముందు పెడతారు. రెండో కారణం మనందరిదీ. పేరెంట్-టీచర్ మీటింగ్‌లో భాషా టీచర్లకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మా వాడికి ఆర్టికల్స్ రావట్లేదు, రూల్స్ సరిగ్గా చెప్తున్నారా?" ఆ ప్రశ్నకు నా జవాబు స్వీడిష్‌లోని ఈ రెండు చిన్న మాటల్లో దొరికినంత స్పష్టంగా ఇంగ్లిష్‌లో దొరకదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భాషలో చాలా భాగం రూల్‌గా రాదు, జతగా వస్తుంది. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో విని, వాడి, మళ్ళీ విని నేర్చుకోవాలి. ఆ వినడానికీ వాడటానికీ చోటివ్వకుండా రూల్ మాత్రమే అడిగితే పిల్లలు తప్పులు మానరు, మాట్లాడటం మానేస్తారు.

(స్వీడిష్ మాటలను పలికే తీరుకు దగ్గరగా తెలుగులో రాస్తున్నాను. కొన్ని ధ్వనులు మన అక్షరాల్లో పూర్తిగా పట్టవు.)

ఇంగ్లిష్ 'ఎ', 'యాన్' లాంటిది కాదు

ఇంగ్లిష్‌లో 'ఎ' వాడాలా 'యాన్' వాడాలా అన్నది పక్క మాట ఏ ధ్వనితో మొదలవుతుందో చూస్తే తెలిసిపోతుంది. 'ఎ బుక్', 'యాన్ యాపిల్'. 'యాన్ అవర్', 'ఎ యూనివర్సిటీ' దగ్గర పిల్లలు కాస్త తడబడతారు కానీ, అక్షరాన్ని చూడకుండా ధ్వనిని వినమని చెప్తే దారిలో పడతారు. అంటే ఇక్కడ రూల్ ఉంది, అది పనిచేస్తుంది కూడా.

స్వీడిష్‌లో 'ఎన్', 'ఎట్' అలా కాదు. అవి పక్క ధ్వనిని పట్టించుకోవు. ప్రతి నామవాచకానికీ పుట్టుకతో ఒక వర్గం ఉంటుంది. కొన్ని 'ఎన్' మాటలు, కొన్ని 'ఎట్' మాటలు. కుర్చీ 'ఎన్ స్తూల్', దాని ముందున్న బల్ల మాత్రం 'ఎట్ బూర్డ్'. కారు 'ఎన్ బీల్', యాపిల్ 'ఎట్ ఎప్లె'. పిల్లి 'ఎన్ కట్', కుక్క 'ఎన్ హుండ్', కానీ జంతువు అనే మాట 'ఎట్ యూర్'. ప్రశ్న 'ఎన్ ఫ్రోగ', జవాబు 'ఎట్ స్వార్'.

ప్రాణం ఉన్నవాటికి ఒకటి, లేనివాటికి ఇంకొకటి అని ఊహించే తెలివైన పిల్లలుంటారు. ప్రాణం ఉన్నవాటి విషయంలో వాళ్ళ ఊహ చాలావరకు నిలుస్తుంది కూడా. అబ్బాయి 'ఎన్ పొయ్కె', అమ్మాయి 'ఎన్ ఫ్లిక్క'. కానీ 'ఒక బిడ్డ' అనాలంటే 'ఎట్ బార్న్'. అబ్బాయైనా అమ్మాయైనా 'ఎన్', వాళ్ళనే బిడ్డ అంటే 'ఎట్'! ఊహ అక్కడ బోల్తా పడుతుంది.

ఇంకో తెలివైన దారి లెక్క. స్వీడిష్ నామవాచకాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు 'ఎన్' వర్గానివే. తెలియనప్పుడల్లా 'ఎన్' అనేస్తే చాలాసార్లు గెలుస్తాం కదా అని కొందరు పెద్దవాళ్ళు అలాగే అలవాటు చేసుకుంటారు. చిక్కేమిటంటే ఇల్లు, బల్ల, బిడ్డ, మాట, జవాబు, గుడ్డు లాంటి రోజూ నోట్లో నలిగే మాటలు ఆ నాలుగో వంతులో ఉన్నాయి.

ఒక్క చిన్న మాట, వాక్యమంతా దాని వెంటే

'ఎన్, ఎట్ తేడా అర్థమవుతుందిలే, అంత చిన్న తప్పుకు ఎందుకంత పట్టింపు' అని మీరనవచ్చు. చిన్న తప్పే. 'ఎన్ హ్యూస్' అన్న పిల్లాడి మాట స్వీడన్‌లో ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఆ వర్గం ఆర్టికల్ దగ్గర ఆగదు.

'ఆ పుస్తకం' అనాలంటే ఇంగ్లిష్‌లోలా ముందు 'ద' పెట్టరు. ఆర్టికల్ వెళ్ళి మాట తోకకు అతుక్కుంటుంది: 'బూకెన్'. ఇంటికైతే 'హ్యూసెట్'. 'పెద్ద కారు' అంటే 'ఎన్ స్తూర్ బీల్', 'పెద్ద ఇల్లు' అంటే 'ఎట్ స్తూర్ట్ హ్యూస్'. 'పెద్ద' అన్న మాట కూడా మారిపోయింది. 'నా పుస్తకం' అంటే 'మిన్ బూక్', 'నా ఇల్లు' అంటే 'మిట్ హ్యూస్'. 'అది' అనాలన్నా పుస్తకానికి 'డెన్', ఇంటికి 'డెట్'. బహువచనం కూడా వర్గాన్ని చూసుకునే నడుస్తుంది. ఒక కారు 'ఎన్ బీల్', రెండు కార్లు 'త్వో బీలర్'. ఇల్లు ఒకటైనా రెండైనా 'హ్యూస్' అలాగే ఉంటుంది.

ఒక్కోసారి అర్థమే మారుతుంది. 'ఎన్ లాగ్' అంటే ఒక చట్టం, 'ఎట్ లాగ్' అంటే ఆటలో ఒక జట్టు. 'ఎన్ ప్లాన్' అంటే పథకం, 'ఎట్ ప్లాన్' అంటే విమానం. మాట అదే, ముందున్న ఆర్టికల్ మారితే చట్టం కాస్తా జట్టవుతుంది.

కాబట్టి పుస్తకం అంటే 'బూక్' అని నేర్చుకున్న పిల్లాడు ఇవన్నీ తర్వాత విడిగా నేర్చుకోవాలి. పుస్తకం అంటే 'ఎన్ బూక్' అని మొదటిరోజే జతగా నేర్చుకున్న పిల్లాడికి తర్వాతి మెట్లకు తాళం చెవి చేతికొచ్చినట్టే. ఒక్క అక్షరం ఎక్కువ కష్టం లేదు. నేర్చుకునే పద్ధతి మాత్రం వేరు.

లాజిక్ ఎక్కడ పోయింది?

పాత స్వీడిష్‌లో మూడు లింగాలుండేవి: పుంలింగం, స్త్రీలింగం, నపుంసకలింగం. కాలక్రమంలో ప్రామాణిక భాషలో మొదటి రెండూ కలిసిపోయి ఒకటయ్యాయి. అదే నేటి 'ఎన్' వర్గం. నపుంసకలింగం 'ఎట్' వర్గంగా మిగిలింది. కొన్ని మాండలికాల్లో మూడు లింగాలూ ఇప్పటికీ వినిపిస్తాయి. అంటే నేటి వర్గాలు ఎవరో కూర్చుని ఆలోచించి వేసిన పట్టిక కాదు. తరాల వాడుకలో మిగిలిన ఆనవాళ్ళు. పాత ఊళ్ళో వీధులు ఎందుకు వంకర అని అడిగితే జవాబు ఎలా ఉంటుందో ఇదీ అంతే. వంకర ఎందుకో తెలుసుకుంటే ఆసక్తిగా ఉంటుంది కానీ, ఇంటికి దారి తెలియాలంటే ఆ వీధుల్లో నడవాల్సిందే.

స్వీడిష్ అకాడమీ 1874 నుంచి ప్రచురిస్తున్న పదజాబితా కూడా ఈ విషయంలో వాదనకు దిగదు. ప్రతి నామవాచకం పక్కన దాని తోక ఏమిటో చూపించి ఊరుకుంటుంది. తోక చూస్తే వర్గం తెలుస్తుంది. ఎందుకు అన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు.

మీ పిల్లాడికి ఈ పని ముందే వచ్చు

ఇదంతా వింటే స్వీడిష్ భయంకరమైన భాష అనిపించవచ్చు. ఒక్కసారి మన ఇంట్లోకి చూడండి.

'పక్కింటి కుక్కకు రెండు పిల్లలు పుట్టాయి.' 'మా అక్కకు ఇద్దరు పిల్లలు పుట్టారు.' రెండు వాక్యాల్లోనూ ఉన్నది 'పిల్లలు' అన్న మాటే. కుక్కకైతే 'రెండు', 'పుట్టాయి'. అక్కకైతే 'ఇద్దరు', 'పుట్టారు'. మీ నాలుగేళ్ళ పాప ఈ తేడా తప్పకుండా మాట్లాడుతుంది. ఏ రూల్ చెప్పి నేర్పారు? ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అంటూ వెళ్ళి పది దగ్గరకొచ్చేసరికి 'పదిమంది' అంటాం. అక్కడ '-గురు' ఎందుకు ఆగిపోయిందో ఇంట్లో ఎవరైనా వివరించారా?

ఇంకొకటి. 'అన్నయ్య వచ్చాడు', 'అక్క వచ్చింది', 'బస్సు వచ్చింది'. ఏకవచనంలో అక్కకూ బస్సుకూ ఒకే క్రియ. బహువచనానికి వచ్చేసరికి 'అక్కలు వచ్చారు', 'బస్సులు వచ్చాయి'. అక్క బస్సును వదిలి అన్నయ్య పక్కకు చేరింది. తెలుగు నేర్చుకునే స్వీడన్ మనిషి ఈ ముక్క దగ్గర తల పట్టుకుంటాడు. మనకు ఇది కష్టమని తెలియను కూడా తెలియదు. కొన్ని వేలసార్లు విన్నాం, కొన్ని వందలసార్లు తప్పు పలికాం, అమ్మమ్మ నవ్వి సరిగ్గా పలికింది, మనమూ పలికాం. అంతే జరిగింది.

అందుకే 'మా వాడి మాతృభాషలో ఆర్టికల్స్ లేవు కాబట్టి వాడికి రావు' అన్న మాటను నేను ఒప్పుకోను. తెలుగులో ఇంగ్లిష్ తరహా ఆర్టికల్స్ లేని మాట నిజమే. 'పుస్తకం కొన్నాను' అంటే ఒక పుస్తకమా ఆ పుస్తకమా అన్నది సందర్భం చెప్తుంది. అందువల్ల మొదట్లో మన పిల్లలు ఆర్టికల్‌ను వదిలేస్తారు. ఆ వదిలేయడం బద్ధకం కాదు, నిర్లక్ష్యం కాదు. ఇంట్లో ఆ ఖాళీ అసలు లేదు కాబట్టి దాన్ని నింపాలని తోచదు. కానీ మాటలను వర్గాలుగా విడదీసి, వర్గాన్ని బట్టి పక్క మాట మార్చుకునే నైపుణ్యం తెలుగు పిల్లలకు పాలతో వచ్చింది. స్వీడిష్ అడిగేది సరిగ్గా అదే.

కొన్నిచోట్ల స్వీడిష్ మనకు ఇంగ్లిష్ కంటే దగ్గర కూడా. ఇంగ్లిష్‌లో 'షి ఈజ్ ఎ టీచర్' అనాలి, ఆ 'ఎ' మరిచిపోతే మార్కు పోతుంది. మనం 'ఆమె టీచర్' అంటాం. స్వీడిష్‌లోనూ 'హూన్ ఎర్ లేరరె' అంటారు, ఆర్టికల్ లేకుండానే. 'ఆమె మంచి టీచర్' అన్నప్పుడు మాత్రం 'ఎన్ బ్రా లేరరె' అని ఆర్టికల్ తిరిగి వస్తుంది. అలాగే స్వీడిష్‌లో 'ఒకటి' అనే అంకె, 'ఒక' అనే ఆర్టికల్ వేర్వేరు మాటలు కావు. లెక్కపెట్టేటప్పుడు 'ఎట్, త్వో, త్రే' అంటారు. ఒకటి, ఒక అనే జత ఉన్న మనకు ఇది వింతగా తోచదు.

రూల్స్ వద్దని కాదు

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. స్వీడిష్‌లో కొన్ని గుర్తులు బాగానే పనిచేస్తాయి. 'తీడ్నింగ్' (వార్తాపత్రిక) లాగా '-నింగ్'తో ముగిసే మాటలు, 'స్తషూన్' (స్టేషన్) లాగా '-షూన్'తో ముగిసేవి 'ఎన్' వర్గం. 'మ్యూజియం'కు స్వీడిష్ రూపంలాగా '-ఉమ్'తో ముగిసేవి సాధారణంగా 'ఎట్' వర్గం. 'అ'తో ముగిసే మాటలు చాలావరకు 'ఎన్'. 'స్కూల' (బడి), 'ఫ్లిక్క' అలాంటివే. కానీ కన్ను, చెవి, గుండె అనే మూడు మాటలూ 'అ'తో ముగిసి కూడా 'ఎట్' వర్గంలో కూర్చున్నాయి.

సమాసాల విషయంలో అయితే చక్కని రూల్ ఉంది: చివరి మాటదే పెత్తనం. మాట 'ఎట్ ఊర్డ్', పుస్తకం 'ఎన్ బూక్'. రెండూ కలిపితే నిఘంటువు, 'ఎన్ ఊర్డ్‌బూక్'. చివర పుస్తకం ఉంది కాబట్టి 'ఎన్'. ఈ ఒక్క రూల్‌తో వందల మాటల వర్గం తెలుస్తుంది. అయితే గమనించండి, 'బూక్' ఏ వర్గమో ముందే తెలియనివాడికి ఈ రూల్ దేనికీ పనికిరాదు.

అదే నేను చెప్పదలచింది. రూల్ గుంజ లాంటిది. తీగ మొలిచాక దానికి ఆసరా అవుతుంది. విత్తనం వేయకుండా పెరడంతా గుంజలు పాతితే పాదు రాదు. ముందు ఓ వంద జతలు నోటికి రావాలి. అప్పుడు టీచర్ 'చూడండి, ఇవన్నీ ఇలా ముగుస్తున్నాయి' అంటే పిల్లల కళ్ళు వెలుగుతాయి, తమకు తెలిసినదానికే పేరు దొరికింది కాబట్టి. రూల్ ముందొచ్చి మాటలు తర్వాత వస్తే, పిల్లాడు ప్రతి వాక్యం ముందూ ఆగి మనసులో పట్టిక తిరగేస్తాడు. ఈలోగా ఎదుటి పిల్లలు ఆటకు వెళ్ళిపోతారు.

మార్కుల సంగతి

'ఇవన్నీ బాగానే ఉన్నాయి, యూనిట్ టెస్ట్‌లో ఖాళీలు నింపమంటే ఏం చేయాలి?' అని మీరడుగుతారు. అడగాలి కూడా. మీరు ఫీజు కడుతున్నారు, ప్రోగ్రెస్ కార్డులో అంకె కనపడాలని కోరుకోవడం తప్పు కాదు.

ఈ విషయంలో బడుల వైపు నుంచి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. ఖాళీలు నింపే వర్క్‌షీట్ దిద్దడం తేలిక. నలభై మంది పిల్లలు మాట్లాడుతుంటే వినడం కష్టం. తేలికైనదే ఎక్కువగా జరుగుతుంది. వర్క్‌షీట్‌లో పదికి పది తెచ్చుకున్న పిల్లాడు నోరు తెరిస్తే ఆర్టికల్ మాయమవడం చాలా తరగతుల్లో కనిపించేదే. వర్క్‌షీట్ అడిగేది గుర్తుపట్టమని, మాట అడిగేది కూడా వినపడనంత వేగంగా వాడమని. రెండూ ఒకటే అనుకుని మనం తృప్తి పడుతున్నాం. మార్కులు కావాలంటే వాడకం పెంచాలి. వాడకం వచ్చిన పిల్లలకు ఖాళీలు పెద్ద కష్టం కాదు. ఖాళీలు వచ్చిన పిల్లలందరికీ వాడకం రాదు.

ఇంట్లో దిద్దే తీరు కూడా ఇక్కడే లెక్కలోకొస్తుంది. జూకు వెళ్ళొచ్చిన పాప ఆనందంగా 'ఐ సా ఎలిఫెంట్' అంటుంది. మనం వెంటనే 'యాన్ ఏది? యాన్ ఎలిఫెంట్ అనాలి, ఎన్నిసార్లు చెప్పాలి?' అంటాం. ఏనుగు సంగతి అక్కడితో ముగిసింది. మరో రోజు పాప ఏమీ చెప్పదు. అదే 'ఓ, యూ సా యాన్ ఎలిఫెంట్! వేర్?' అని అడిగి చూడండి. దిద్దుబాటూ జరిగింది, కబురూ సాగింది. స్వీడన్‌లో ఉన్న తెలుగు తండ్రి అయినా ఇంతే. కొడుకు 'ఎన్ హ్యూస్' అంటే 'అవును, ఎట్ స్తూర్ట్ హ్యూస్, ఎంత పెద్ద ఇల్లో!' అంటే చాలు. మన అమ్మమ్మలు 'రెండు పిల్లలు' అన్న మన ముద్దుమాటను దిద్దింది ఇలాగే కదా.

వెళ్ళే కుటుంబాలకు ఒక ప్రత్యేక విన్నపం

స్వీడన్‌కో మరో దేశానికో వెళ్ళబోతున్నవాళ్ళలో కొందరు ముందు చేసే పని, ఇంట్లో తెలుగు తగ్గించడం. 'వాడికి స్వీడిష్ త్వరగా రావాలి కదా' అంటారు. దయచేసి ఆ పని చేయకండి. మీ పిల్లలకు 'ఎన్', 'ఎట్' నేర్పేది బడిలోని తోటిపిల్లలు, టీచర్లు, ఆటస్థలం. మీరూ వాళ్ళతోపాటే నేర్చుకుంటుంటారు కాబట్టి ఇంట్లో మీ తడబాటు స్వీడిష్ వాళ్ళకు పెద్దగా ఉపయోగపడదు. మీరు మాత్రమే ఇవ్వగలిగినది తెలుగు.

ఈ మాట నాది మాత్రమే కాదు, స్వీడన్ విద్యావ్యవస్థ కూడా అదే దారిలో నడుస్తోంది. ఇంట్లో వేరే భాష రోజూ మాట్లాడే పిల్లలకు ఆ భాషలో పాఠం పొందే హక్కు అక్కడి చట్టంలో ఉంది. ఆ స్థానిక సంస్థ పరిధిలో కనీసం ఐదుగురు పిల్లలు కోరుకోవాలి, తగిన టీచర్ దొరకాలి, పిల్లలకు ఆ భాష కొంతైనా వచ్చి ఉండాలి. చివరి షరతును మళ్ళీ చదవండి. ఇంట్లో తెలుగు ఆపేస్తే ఆ హక్కు కూడా చేజారుతుంది. స్వీడిష్ మొదటిభాష కాని పిల్లలకు స్వీడిష్‌ను రెండో భాషగా నేర్పే ప్రత్యేక సబ్జెక్టు కూడా బడుల్లో ఉంది. పెద్దలకు 'ఎస్ఎఫ్ఐ' పేరుతో వలసవచ్చినవారి కోసం స్థానిక సంస్థలు నడిపే ఉచిత స్వీడిష్ తరగతులున్నాయి. ఎ నుంచి డి వరకు నాలుగు కోర్సులు. మీరు అందులో చేరండి. అమ్మ కూడా 'ఎన్ ఆ, ఎట్ ఆ' అని తడుముకోవడం చూస్తే పిల్లలకు తప్పు అంటే భయం పోతుంది.

ఇంట్లో చేయగలిగినవి

స్వీడిష్ అయినా, ఇంగ్లిష్ అయినా, స్కూల్లో హిందీ అయినా ఇవి పనికొస్తాయి. హిందీలోనూ ప్రతి మాటకూ లింగం ఉంది, అక్కడా ఊహకు అందనివి చాలా ఉన్నాయి.

1. కొత్త మాటను ఒంటరిగా రాయించకండి. ఇంగ్లిష్ అయితే 'యాన్ అంబ్రెల్లా', హిందీ అయితే 'మేరీ కితాబ్', స్వీడిష్ అయితే 'ఎట్ బూర్డ్'. నోట్‌బుక్‌లో జతగానే ఉండాలి.

2. రెండు రంగులు వాడండి. ఒక వర్గానికి నీలం, ఇంకో వర్గానికి ఎరుపు. ఇంట్లో వస్తువులకు ఆ రంగు చీటీలు అంటించే పని పిల్లలకే అప్పగించండి. ఫ్రిజ్ మీద, బల్ల మీద, తలుపు మీద. రోజూ కంటపడితే చాలు, పరీక్ష పెట్టకండి.

3. రోజుకు ఐదు జతలు మించవద్దు. వాటితో పిల్లలు సొంతంగా వాక్యం చెప్పాలి. వాక్యం తమాషాగా ఉంటే ఇంకా మంచిది. ఏనుగు గొడుగు పట్టుకున్నా పర్వాలేదు.

4. తప్పును సరైన వాక్యంగా తిరిగి పలకండి, కబురు కొనసాగించండి. ఒకే తప్పు పదిసార్లు వస్తే పదిసార్లూ అలాగే పలకండి. పదకొండోసారికి వాళ్ళే పలుకుతారు. కాకపోతే ఇరవయ్యోసారికి.

5. 'ఎందుకు?' అని పిల్లలడిగితే, జవాబు ఉన్నచోట చెప్పండి. లేనిచోట 'ఆ భాషలో అలా అంటారమ్మా' అని ధైర్యంగా అనండి. ప్రతిదానికీ రూల్ కల్పించి చెప్తే రేపు అది తప్పిన చోట పిల్లలు భాష మీద కాదు, మన మీద నమ్మకం పోగొట్టుకుంటారు.

ఈ ఐదింటికీ డబ్బు ఖర్చు లేదు, ట్యూషన్ అవసరం లేదు. కావలసింది రోజుకు పది నిమిషాలు, కాస్త ఓపిక. స్వీడన్ పిల్లలకైనా ఏళ్ళ తరబడి ఇంట్లో విన్నాకే 'ఎట్ ఎప్లె' నోటికొచ్చింది. మన పిల్లలకు 'యాన్ యాపిల్' ఒక టర్మ్‌లోనే రావాలని పట్టుబడితే ఎలా?

వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌లో భాషా టీచర్‌ను ఒక కొత్త ప్రశ్న అడగండి. 'గ్రామర్‌లో ఎన్ని మార్కులు?' అన్నది ప్రోగ్రెస్ కార్డులో ఎలాగూ ఉంటుంది. 'మా పాప క్లాసులో తనంతట తాను ఎన్నిసార్లు మాట్లాడింది? ఏం మాట్లాడింది?' అని అడగండి. జవాబు చెప్పలేకపోతే టీచర్‌గా మేము ఆలోచించుకోవాలి. జవాబు ఉంటే, ఇంటికెళ్ళి ఆ కబురునే పాపతో ముందుకు నడిపించండి.